స్పేషియల్లీ ఆఫ్‌సెట్ రామన్ స్పెక్ట్రోస్కోపీ

స్పేషియల్లీ ఆఫ్‌సెట్ రామన్ స్పెక్ట్రోస్కోపీ (క్లుప్తంగా సోర్స్) అనగా అపారదర్శకమైన పొర వెనుకనున్న పదార్థమేదో, ఆ పొరను తెరవకుండానే, కాంతి పరిక్షేపణం ద్వారా గుర్తించే విధానం. ఇంగ్లండులోని రూథర్‌ఫర్డ్ ఆపిల్‌టన్ ప్రయోగశాలలో పావెల్ మాటౌసెక్, అతని సహచరులు దీనిని రూపొందించి 2005లో ప్రకటించారు.

== అపారదర్శకత ==

ఒక వస్తువు గుండా ఆవలి వైపు కనబడకపోవడానికి రెండు కారణాలుంటాయి. బొగ్గు తనపై పడిన కాంతిని మింగివేస్తుంది. పాల సంగతి వేరు. పాలలోని కొవ్వు కణాలు కాంతిని నలుదిక్కులకూ చెదరగొడతాయి. లోనికి పోయిన కాంతి అనేక మలుపులు తిరిగి బయటకు వస్తుంది; అది కోల్పోయేది చాలావరకు తన దిశను మాత్రమే. తెల్లని ప్లాస్టిక్ సీసా, మందు బిళ్ళ, చర్మం, ఎముక ఈ రెండవ కోవకు చెందినవి. చీకటిలో టార్చిలైటును అరచేతికి ఆనించి వెలిగిస్తే ఆవలి వైపు ఎర్రని వెలుగు కనిపిస్తుంది గాని, ఎముకల ఆకారం కనిపించదు. అనగా కాంతి వచ్చినది, బొమ్మ మాత్రం చెరిగిపోయినది.

బొమ్మ చెరిగిపోయినా మరొక సమాచారం మిగిలి ఉంటుంది. పదార్థంపై పడిన ఫోటానులలో బహు స్వల్ప భాగం, సుమారు కోటికి ఒకటి, అణువుల కంపనాలతో శక్తిని ఇచ్చి పుచ్చుకొని, మారిన తరంగదైర్ఘ్యంతో వెలువడుతుంది. ఇదే 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి.రామన్ కనుగొన్న రామన్ ఫలితం. ఈ మార్పు ఒక్కొక్క అణువుకు ఒక్కొక్క విధంగా ఉంటుంది కనుక దీనిని పదార్థపు వేలిముద్రగా భావించవచ్చు. (రామన్ బాల్యంలో విశాఖపట్నంలో చదువుకున్నాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ విషయంపై పరిశోధనలు సాగించిన సూరి భగవంతం 1940లో ఆంగ్లంలో ఒక గ్రంథం వెలువరించాడు.)

== పనిచేసే తీరు ==

సాధారణ రామన్ పరికరంలో లేసరు కిరణం పడిన చోటనే కాంతిని సేకరిస్తారు. అట్టి కొలతలో పై పొర సంకేతమే ప్రబలంగా ఉండి, లోపలిది మరుగున పడిపోతుంది. మాటౌసెక్ బృందం గ్రహించినది ఇది: పై పొరలోని ఫోటానులు అంచు దగ్గరే ఉన్నందున త్వరగా గాలిలోకి తప్పించుకుపోతాయి, లోతుకు పోయినవి తిరిగి పైకి వచ్చేలోగా పక్కకు కూడా చాలా దూరం జరుగుతాయి. కనుక లేసరు పడిన బిందువుకు కొన్ని మిల్లీమీటర్ల ఎడంగా సేకరించిన కాంతిలో లోపలి పదార్థపు వాటా పెరుగుతుంది. ఎడం లేకుండా ఒక వర్ణపటం, ఎడంతో మరొకటి తీసి, తగిన నిష్పత్తిలో ఒకదాని నుండి మరొకటి తీసివేస్తే పై పొర తొలగి లోపలిదాని వర్ణపటం మిగులుతుంది. ఇంత సులువైన ఉపాయం రామన్ ఫలితం వెలువడిన డెబ్బది ఏడేండ్లకు గాని తట్టకపోవడం ఆశ్చర్యకరం.

లేసరును వలయాకారంలో ప్రసరింపజేసి మధ్యనుండి కాంతిని సేకరించే పద్ధతి కూడా ఉన్నది. ఇందులో లేసరు శక్తి ఎక్కువ వైశాల్యంపై పరచుకొనుట వలన చర్మానికి హాని తగ్గుతుంది.

== ఉపయోగాలు ==

2006 ఆగస్టులో శీతల పానీయాల సీసాలలో ద్రవ పేలుడు పదార్థాలను దాచి విమానాలను కూల్చే కుట్ర బ్రిటనులో బయటపడినది. ఆపై ప్రయాణికుల చేతిసంచులలో ద్రవాలకు 100 మిల్లీలీటర్ల పరిమితి వచ్చినది. ఎక్స్-రే బొమ్మలో నీరు, హైడ్రోజన్ పెరాక్సైడు ఇంచుమించు ఒకేలా కనిపించవచ్చు. రామన్ వర్ణపటంలో వాటికి పోలికే లేదు. సోర్స్ ఆధారంగా కోబాల్ట్ లైట్ సిస్టమ్స్ సంస్థ తయారుచేసిన సీసాల తనిఖీ యంత్రం ఐరోపా విమానాశ్రయాలలో వాడుకలోకి వచ్చి, 2014లో మాక్‌రాబర్ట్ పురస్కారం పొందినది. ఈ సంస్థను 2017లో ఎజిలెంట్ కొనుగోలు చేసినది.

అదే 2017లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మూత తీయని సీసాలలోని మద్యంలో మిథనాలును చేతిలో ఇమిడే సోర్స్ పరికరంతో గుర్తించగలిగారు. మిథనాలు చూపును, ప్రాణాన్ని తీయగల విషం. కల్తీ సారా మరణాలు తరచుగా వార్తలకెక్కే మన దేశానికి ఇది ప్రత్యేకంగా గమనింపదగినది.

వైద్యంలో చర్మం మీదుగానే ఎముకలోని ఖనిజానికి, కొల్లాజెనుకు గల నిష్పత్తిని కొలిచే ప్రయత్నాలు జరిగినవి. సాధారణ ఎముక సాంద్రత పరీక్ష ఖనిజాన్ని మాత్రమే లెక్కించును. పెళుసుతనానికి కొల్లాజెను లోపం కూడా కారణం కావచ్చును.

== పరిమితులు ==

లోహపు డబ్బాల గుండా కాంతి ఏమాత్రం పోదు కనుక వాటికిది పనికిరాదు. నల్లని ప్లాస్టిక్కు కూడా కష్టమే. కొన్ని రంగుల, పదార్థాల ప్రతిదీప్తి బలహీనమైన రామన్ సంకేతాన్ని ముంచివేస్తుంది. దీనిని తగ్గించుటకే సాధారణంగా సమీప పరారుణ లేసర్లను వాడతారు. శరీరంలో చేరగల లోతు ఈ విధానంలో కొద్ది మిల్లీమీటర్ల నుండి సెంటీమీటరు వరకే. అంతకు మించిన లోతులకు ఒక వైపు నుండి లేసరును పంపి ఆవలి వైపున సేకరించే రామన్ పద్ధతిని ఆశ్రయిస్తారు.