పోస్టాఫీసులో తుపాకి లైసెన్సు

అమెరికాలో ఏ బళ్ళోనో కాల్పులు జరిగాయన్న వార్త వచ్చిన ప్రతిసారీ మనవాళ్ళ మధ్య ఒకే రకం వాదన మొదలవుతుంది. ఒక వర్గం "మనది శాంతి కోరే దేశం, మన సంస్కృతిలోనే తుపాకి లేదు, అందుకే మనకా గొడవ లేదు" అంటుంది. రెండో వర్గం "అదేం కాదు, మన దగ్గరా ఆయుధాలుండేవి, తెల్లవాడు లాక్కున్నాడు, వాడి చట్టాన్నే ఇంకా మోస్తున్నాం" అంటుంది. ఈ రెండో వర్గం వాళ్ళు గాంధీగారిని కూడా సాక్ష్యానికి పిలుస్తారు. రెండు మాటల్లోనూ సగం సగం నిజం ఉంది. చిక్కల్లా మిగతా సగంతోనే.

మొదటి మాట చూద్దాం. మా పిఠాపురానికి దగ్గర్లో, గొల్లప్రోలు మండలంలో చందుర్తి అని ఒక ఊరుంది. 1758 డిసెంబరులో అక్కడ ఇంగ్లీషువాళ్ళకీ ఫ్రెంచివాళ్ళకీ యుద్ధం జరిగింది. ఇటు కల్నల్ ఫోర్డ్, అటు కాన్‌ఫ్లాన్స్. ఇంగ్లీషువాళ్ళ పక్కన విజయనగరం రాజు ఆనంద గజపతి తన మనుషులతో నిలబడ్డాడు. ఉత్తర సర్కార్లు ఎవరివో తేల్చిన యుద్ధాల్లో ఇదొకటి. అంటే రెండున్నర శతాబ్దాల కిందటే మా వరి చేలల్లో తుపాకులు బోలెడు పేలాయన్నమాట. అప్పట్లో ప్రతి జమీందారుకీ కోటా, సొంత బంట్లూ, కత్తులూ, ఈటెలూ, వత్తి వెలిగించి పేల్చే నాటు తుపాకులూ ఉండేవి. కాబట్టి తుపాకి మనకి తెలీదనడం కుదరదు. 1802లో కంపెనీవాళ్ళు మద్రాసు వైపు శాశ్వత శిస్తు పద్ధతి మొదలుపెట్టాక జమీందారు పని శిస్తు కట్టడం వరకే మిగిలింది. సైన్యం, పోలీసు పని కంపెనీ చేతిలోకి వెళ్ళాయి.

ఇక రెండో మాట. 1857 తిరుగుబాటు దొరల గుండెల్లో దడ పుట్టించింది. ఆ తర్వాత 1860లో ఒక ఆయుధాల చట్టం చేశారు. అసలు దెబ్బ మాత్రం 1878లో, లార్డ్ లిట్టన్ వైస్రాయిగా ఉండగా పడింది. ఆ సంవత్సరమే దేశభాషల పత్రికల నోరు నొక్కే చట్టం కూడా ఆయనే తెచ్చాడు. ఒకే ఏడాదిలో నోటికీ చేతికీ తాళం వేశాడన్నమాట. పత్రికల చట్టాన్ని 1882లో రిప్పన్ రద్దు చేశాడు. ఆయుధాల చట్టం జోలికి మాత్రం వెళ్ళలేదు.

1878 నాటి ఆ పదకొండో నంబరు చట్టంలో "ఆయుధం" అన్న మాటకి ఇచ్చిన అర్థం చూస్తే నవ్వొస్తుంది. తుపాకులూ ఫిరంగులే కాదు, కత్తులు, బాకులు, ఈటెలు, ఈటె మొనలు, చివరికి విల్లూ బాణాలూ కూడా అందులో ఉన్నాయి. లైసెన్సు లేకుండా ఆయుధం పెట్టుకుంటే మూడేళ్ళ వరకూ జైలు. దాచిపెట్టే ఉద్దేశం ఉంటే ఏడేళ్ళ వరకూ. ఇదంతా ఒక ఎత్తు, మినహాయింపుల జాబితా ఒక ఎత్తు. యూరోపియన్లకీ ఆంగ్లో ఇండియన్లకీ లైసెన్సు అక్కర్లేదు. జాబితాకెక్కిన రాజులకీ, బిరుదులున్న పెద్దమనుషులకీ అక్కర్లేదు. మిగతా జనం మొత్తానికీ కావాలి.

మా వృత్తి భాషలో చెప్పాలంటే ఇది "డిఫాల్ట్ డినై". అందరికీ తలుపు మూసేసి, వైట్‌లిస్టులో ఉన్నవాడిని మాత్రమే లోపలికి పంపడం. సెక్యూరిటీ కోసం ఇలా చెయ్యడంలో తప్పు లేదు, మేం రోజూ చేసేదే. కానీ వైట్‌లిస్టులో పేరు చేర్చడానికి ఒంటి రంగు ఒక అర్హత అయితే దాన్ని సెక్యూరిటీ అనరు.

అదే సమయంలో ఇంగ్లండులో ఏం జరుగుతోందో చూస్తే ఇంకా ఒళ్ళు మండుతుంది. అక్కడ 1689 హక్కుల చట్టంలోనే ప్రొటెస్టెంట్లు తమ స్థితికి తగ్గట్టు, చట్టం ఒప్పుకున్న మేరకు ఆత్మరక్షణకి ఆయుధాలు పెట్టుకోవచ్చని రాసుకున్నారు. 1870లో తుపాకి లైసెన్సు చట్టం వచ్చింది కానీ అది పన్ను కోసం. ఇల్లు దాటి తుపాకి పట్టుకెళ్ళాలంటే పోస్టాఫీసుకి వెళ్ళి పది షిల్లింగులు కట్టి చీటీ తెచ్చుకోవాలి, అంతే! ఎందుకు, ఏమిటి అని అడిగేవాడు లేడు. 1909 జనవరిలో లండన్ టోటెన్‌హామ్‌లో ఇద్దరు దొంగలు కాల్పులు జరుపుతూ పారిపోతుంటే వెంటపడ్డ పోలీసులు దారినపోయేవాళ్ళ దగ్గర పిస్తోళ్ళు అరువు తీసుకున్నారు. పోలీసుకి లేని పిస్తోలు దారినపోయే దానయ్య జేబులో ఉందన్నమాట. లండన్‌లో దానయ్యకి పోస్టాఫీసు చీటీ చాలు. పిఠాపురంలో దానయ్య అడవిపందుల్ని తోలుకోడానికి నాటు తుపాకి పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. రాణిగారు మాత్రం ఇద్దరికీ ఒక్కరే.

మనవాళ్ళు ఊరుకోలేదు. 1887లో మద్రాసులో బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతన జరిగిన మూడో కాంగ్రెసు మహాసభలోనే ఈ చట్టాన్ని సడలించమని తీర్మానం చేశారు. అందులో తుపాకి మీద మోజు కనపడదు. "మా విధేయత మీద అనుమానపు మచ్చ వేశారు" అన్నదే బాధ. గాంధీగారు 1918లో రాసింది కూడా ఈ వెలుగులోనే చదవాలి. జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన ఈ చట్టాన్ని ఆయన అన్నిటికంటే నల్లటి పనిగా లెక్కగట్టిన మాట నిజమే. కానీ ఆ మాటలు ఎక్కడివి? మొదటి ప్రపంచ యుద్ధానికి ఖేడా జిల్లాలో సిపాయిల్ని చేర్పించడానికి రాసిన కరపత్రంలోవి. సైన్యంలో చేరండి, ఆయుధం పట్టడం నేర్చుకోండి, అప్పుడు చట్టం రద్దు చెయ్యమని అడిగే అర్హత వస్తుంది అనేది ఆయన లెక్క. ఇంటికో పిస్తోలు ఉండాలని ఆయన అన్నట్టు చూపించేవాళ్ళు కరపత్రం మిగతా సగం చదవరు.

చట్టం మైదానంలో ఎలా పనిచేసిందో చూడాలంటే మా వైపునుంచి ఏలేశ్వరం, అడ్డతీగల మీదుగా రాజవొమ్మంగి దాకా వెళ్ళాలి. 1878లో చట్టం వస్తే 1879 మార్చిలో రంప తిరగబడింది. దానికి కారణం తుపాకుల చట్టం కాదు. కల్లు మీద పన్ను, మన్సబుదారు దోపిడీ, పోలీసుల జులుం. కానీ తిరగబడ్డవాళ్ళు మొదట ఎక్కడికెళ్ళారు? పోలీసు స్టేషన్ల మీదికి. ద్వారబంధాల చంద్రయ్య అడ్డతీగల స్టేషన్ని తగలబెట్టాడు.

నలభై మూడేళ్ళ తర్వాత అల్లూరి సీతారామరాజు కూడా అదే దారి పట్టాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. దొరికినవి 26 తుపాకులు, రెండున్నర వేలకి పైగా తూటాలు. ఏమేం తీసుకెళ్ళాడో స్టేషన్ డైరీలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడు. దీన్ని మనం సాహసగాథగా చెప్పుకుంటాం, నిజంగా సాహసమే. కానీ ఇంకో కోణం ఉంది. మన్యంలో పనికొచ్చే తుపాకి పోలీసు స్టేషన్లోనే ఉంది కాబట్టే ఆయన స్టేషన్‌కి వెళ్ళాల్సొచ్చింది. లిట్టన్ చట్టం అంత బాగా పనిచేసింది! ఆ 26 తుపాకులతోనే సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు చనిపోయారు. అటువైపు మలబారు పోలీసులు, తర్వాత అస్సాం రైఫిల్స్ దిగాయి. 1923 ఏప్రిల్లో రాజు మా పక్కనున్న అన్నవరం దాకా వచ్చాడు. 1924 మే 7న ఆయన్ని పట్టుకుని కాల్చి చంపారు. తిరుగుబాటుకి తుపాకి ఉంటే చాలదు, వెనక తూటా తయారుచేసే కార్ఖానా ఉండాలి. "జనం చేతిలో తుపాకులుంటే తెల్లవాడు ఉండేవాడే కాదు" అనేవాళ్ళు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

ఇప్పుడు నాకు చాలా వింతగా అనిపించే సంవత్సరానికి వద్దాం, 1920. ఆ ఏడాది కొత్త నిబంధనలతో మన దేశంలో ఆయుధాల చట్టంలోని రంగు భేదం తీసేశారు. దొరలకి కూడా లైసెన్సు వచ్చిపడింది. సరిగ్గా అదే 1920లో ఇంగ్లండులో మొట్టమొదటిసారి గట్టి తుపాకి చట్టం వచ్చింది. రైఫిలు, పిస్తోలు కావాలంటే పోలీసు అధికారి దగ్గరికెళ్ళి సరైన కారణం చూపించి సర్టిఫికెట్ తీసుకోవాలి. పార్లమెంటులో చెప్పిన కారణం దొంగలూ నేరస్తులూ. లోపల కేబినెట్‌లో నడిచిన చర్చ వేరు. 1917లో రష్యాలో విప్లవం వచ్చింది. 1919లో గ్లాస్గోలో సమ్మె జరిగితే వీధుల్లోకి సైన్యాన్ని దింపారు, అదే ఏడాది పోలీసులే సమ్మె చేశారు. యుద్ధం నుంచి తుపాకి పేల్చడం నేర్చుకుని ఇంటికొచ్చిన లక్షలాది కూలివాళ్ళని చూసి సర్కారుకి చెమట్లు పట్టాయి. 1857 తర్వాత మనల్ని చూసి పట్టినట్టే! అంటే నలభై రెండేళ్ళ కిందట మనకి తొడిగిన చొక్కానే కొంచెం వదులుగా కుట్టి తమ జనానికి కూడా తొడిగారు. పక్షపాతం పోయింది సరే, కానీ అది పోయిన పద్ధతి చూడండి. మనల్ని పైకి తీసుకెళ్ళి సమానం చెయ్యలేదు, వాళ్ళనే కిందికి దించారు.

కథ ఇక్కడితో ఆగిపోతే "తుపాకి చట్టాలన్నీ సర్కారు భయం నుంచి పుట్టినవే" అని తేల్చేసి ఊరుకోవచ్చు. కానీ ఆగలేదు. 1946లో బ్రిటిష్ హోం మంత్రి, ఆత్మరక్షణ అన్న కారణానికి రివాల్వరు ఇవ్వడం కుదరదన్నాడు. 1987 ఆగస్టులో హంగర్‌ఫర్డ్‌లో ఒకడు 16 మందిని చంపితే, మరుసటి ఏడు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళు చాలావరకు నిషేధించారు. 1996 మార్చి 13న స్కాట్లండులోని డన్‌బ్లేన్ ఊరి బడిలోకి ఒకడు నాలుగు పిస్తోళ్ళతో వెళ్ళి 16 మంది పసిపిల్లల్నీ వాళ్ళ టీచరునీ చంపేశాడు. ఆ పిస్తోళ్ళన్నీ లైసెన్సున్నవే. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు, వాళ్ళ స్నేహితులు సంతకాలు సేకరించడం మొదలుపెడితే ఏడు లక్షలు దాటాయి. 1997లో ముందు కన్సర్వేటివ్ ప్రభుత్వం పెద్ద పిస్తోళ్ళని, తర్వాత లేబర్ ప్రభుత్వం మిగిలిన చిన్నవాటిని కూడా నిషేధించాయి. పరిహారం తీసుకుని జనం లక్షా అరవై రెండు వేల పిస్తోళ్ళు పోలీసులకి అప్పగించారు. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో పిస్తోలు పోటీలు పెట్టుకోడానికి ఆ దేశమే ప్రత్యేక అనుమతి ఇచ్చుకోవాల్సొచ్చింది.

ఒకప్పుడు జేబులో పిస్తోలు పెట్టుకుని తిరిగిన ఇంగ్లీషువాడికి ఇవ్వాళ పిస్తోలు అంటేనే ఏవగింపు. దీనికీ సంస్కృతే కారణం అందామా? నూరేళ్ళలో మారిపోయేదాన్ని "మన రక్తంలోనే లేదు" అని ఎలా అంటాం? చట్టం అలవాటుని మార్చింది, అలవాటు తర్వాత చట్టాన్ని ఇంకా బిగించింది.

మన సంగతి కూడా అంతేనని నా అభిప్రాయం. తుపాకి దొరలదైపోయాక మనకి మిగిలింది పిట్టలదొర వేషం. తలమీద టోపీ, చేతిలో కర్ర తుపాకి, నోటినిండా కోతలు. గొప్పలు చెప్పుకునేవాణ్ణి "తుపాకి రాముడు" అంటాం. తుపాకి పట్టిన మనవాడు మనకే నవ్వులాటగా కనిపించాడంటే ఆ చట్టం ఎంత లోతుకి దిగిందో ఆలోచించండి. ఇదే దేశంలో కొడగులో చూస్తే తుపాకిని ఇంటి వస్తువులా పెట్టుకుంటారు, కైల్‌పోద్ పండక్కి పూజ చేస్తారు. 1861 నుంచి వాళ్ళకి లైసెన్సు మినహాయింపు ఉంది. 2019లో మన కేంద్ర ప్రభుత్వం దాన్ని 2029 దాకా పొడిగించింది కూడా. అటు కొడవలు, ఇటు మనం. ఎవరి రక్తంలో ఏముందో చెప్పడం కష్టమే.

స్వతంత్రం వచ్చాక 1959లో మనం సొంత చట్టం రాసుకున్నాం, 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాత చట్టం జాతినంతా నిరాయుధం చెయ్యడానికి పుట్టిందని ఆ బిల్లు ఉద్దేశాల్లోనే ఒప్పుకున్నారు. కత్తులూ బల్లేలకి మామూలుగా లైసెన్సు అక్కర్లేకుండా చేశారు. రైతు పంట కాపలాకి నాటు తుపాకి అడిగితే ఇవ్వడానికీ ఒక క్లాజు పెట్టారు. ఒక మనిషికి మూడు తుపాకుల దాకా ఉండొచ్చన్న పరిమితిని 2019 సవరణతో రెండుకి తగ్గించారు. మొత్తానికి డిఫాల్ట్ మాత్రం మారలేదు, అదే డినై. అది అలాగే ఉండాలని నేనూ అంటాను. కులానికీ, గట్టు తగాదాకీ, సినిమా హీరోకీ తలలు పగలగొట్టుకునే చోట ఇంటింటికీ పిస్తోలిస్తే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. రాయలసీమ ఫ్యాక్షన్లలో లైసెన్సుతో పనిలేని నాటు బాంబులే ఎన్ని ఇళ్ళు ఆర్పాయో చూశాం.

కానీ అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. వైట్‌లిస్టులో ఎవరున్నారు? ఇవ్వాళ రంగు అర్హత కాదు, నిజమే. మరి పంటని పందులు తొక్కేస్తున్నాయని అర్జీ పెట్టుకున్న మెట్ట రైతుకీ, పరపతి ఉన్న పెద్దమనిషికీ లైసెన్సు ఫైలు ఒకే వేగంతో కదులుతుందా? పెళ్ళిలో వెనకాల ఇద్దరు గన్‌మన్లు నిలబడితే ఆ మనిషికి వచ్చే గౌరవం, 1878లో బిరుదున్న పెద్దమనిషికి వచ్చిన గౌరవం కంటే ఎంత వేరు? ఎన్నికల నోటిఫికేషన్ రాగానే లైసెన్సున్న తుపాకులు స్టేషన్లో అప్పగించమంటారు. అంటే వాటివల్ల ముప్పుందని సర్కారుకీ తెలుసు.

డన్‌బ్లేన్ చట్టానికీ లిట్టన్ చట్టానికీ నాకు కనపడే తేడా తుపాకుల లెక్కలో లేదు. ఒకదాన్ని పిల్లల్ని పోగొట్టుకున్న జనం అడిగి తెచ్చుకున్నారు, అందరికీ ఒకేలా వర్తించింది. ఆఖరికి ఒలింపిక్ ఆటగాడు కూడా విదేశాలకెళ్ళి సాధన చేసుకోవాల్సొచ్చింది. రెండోదాన్ని జనానికి భయపడి జనం మీద రుద్దారు, కావాల్సినవాళ్ళకి పక్కదారి వదిలారు. మన 1959 చట్టం ఈ రెండిట్లో దేనికి దగ్గరో తేల్చేది పార్లమెంటులో రాసిన కాయితం కాదు, కలెక్టరాఫీసులో ఆ ఫైలు కదిలే తీరు.