వారాల నుంచి బోధన రుసుము దాకా

పేద విద్యార్థికి పైచదువు ఒకప్పుడు దాతల దయ మీద సాగేది. ఊళ్లో ఏడిళ్లు ఎంచుకుని రోజుకొక ఇంట భోంచేసే పద్ధతిని వారాలు చేసుకోవడం అనేవారు. కొందరికి గురువులే ఆసరా అయ్యేవారు: స్వాతంత్ర్య సమరయోధుడు టంగుటూరి ప్రకాశం రాజమండ్రి చదువుకు గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అండగా నిలిచారు. అయితే వారాల అన్నం ఎక్కువగా బ్రాహ్మణ కుర్రాళ్లకే దొరికేది. అంటరానివారిగా చూసిన పిల్లలకు ఆ గడపే లేదు. ఈ పద్ధతిని తలచుకునేవారు మరవకూడని సంగతి ఇది.

ఆ లోటును తీర్చే పని ప్రభుత్వం మీద పడింది. 1944లో దళిత విద్యార్థులకు కేంద్ర ఉపకారవేతనాలు మొదలయ్యాయి. తర్వాత గిరిజనులకూ అందాయి. దయగా దొరికేది హక్కుగా అడగదగినదైంది.

ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలు పెరిగాక ఫీజే పెద్ద అడ్డంకి అయింది. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంటును, అంటే కళాశాల ఫీజును ప్రభుత్వమే భరించే పథకాన్ని, విస్తృతంగా అమలు చేసింది. ఈ సాయంలో బోధన రుసుము ఒక పద్దు, హాస్టలు, పుస్తకాల వంటి ఖర్చులకిచ్చే ఉపకారవేతనం మరో పద్దు. తెలంగాణలో విద్యార్థి ఈపాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో దరఖాస్తు చేసి, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు జతచేయాలి. కళాశాల వాటిని సరిచూసి పైకి పంపుతుంది. ఆదాయ ధ్రువపత్రానికి తహసీల్దారు కార్యాలయమే ఆధారం. ప్రభుత్వ బకాయిలు పేరుకుంటే కళాశాలలు సర్టిఫికెట్లు ఆపడం పిల్లలకు తీరని అన్యాయం. 2020లో ఆంధ్రప్రదేశ్ ఈ సాయాన్ని జగనన్న విద్యా దీవెనగా మార్చి, ఆ తర్వాత తల్లుల ఖాతాల్లో వేసింది. తెలంగాణ పాత ఈపాస్ పద్ధతినే కొనసాగించింది.