ముందు మురుగు కాలువ, తర్వాతే ట్రాక్

1951లో అమలాపురంలో శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల మొదలైనప్పుడు మనది ఇంకా మద్రాసు రాష్ట్రమే. ఆంధ్ర రాష్ట్రం రావడానికి రెండేళ్లుంది. అంతకుముందు ఇక్కడి పిల్లలు డిగ్రీ చదవాలంటే కాకినాడకో రాజమండ్రికో పోవాలి. పోవాలంటే గౌతమి దాటాలి, దాటాలంటే రేవులో పడవ కోసం కాచుకోవాలి. ఆ బెడద తీర్చిన కాలేజీ ఇది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద అర్ధశతాబ్దం దాటి నడిచి, 2006లో రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చాక దాని పరిధిలోకి వెళ్లింది. చదువుల చరిత్ర రాయడానికి ఈ సంచికలో నాకంటే అర్హులున్నారు. నాకు మైదానం వంతు వచ్చింది కాబట్టి రాబోయే పాతికేళ్లలో అథ్లెటిక్స్‌ను ఎలా నడుపుకోవాలో రాస్తాను. ఇందులో చాలావరకు రాజోలు, కొత్తపేట కాలేజీలకూ వర్తిస్తుంది.

మైదానం అనగానే అందరూ సింథటిక్ ట్రాక్ అంటారు. నేను మురుగు కాలువ అంటాను. గౌతమి, వశిష్ఠ, వైనతేయల మధ్య ఒండ్రు మీద కూర్చున్న నేల మనది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక సాగునీరు వచ్చింది. ఆ నీరు బయటికి పోయే దారి మాత్రం నేటికీ తగాదాయే. 2011లో ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న బాధల్లో ముంపు కూడా ఒకటి. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 రాత్రి తుపాను, 2022 జులై వరద సరేసరి. అవేవీ లేని ఏడాది కూడా నాలుగు రోజులు ముసురు పడితే చేను, గ్రౌండు ఒక్కలాగే మునుగుతాయి.

అందుకే మొదటి ఖర్చు లెవెలింగుకే పెట్టాలి. నిబంధనల ప్రకారం ట్రాక్ అడ్డంగా లోపలి అంచు వైపు 100కి 1 కంటే ఎక్కువ వాలకూడదు, పరుగు దిశలో 1000కి 1 కంటే ఎక్కువ దిగకూడదు. అంటే నీరు లోపలి అంచున ఉన్న కాలువలోకి చేరి, ట్రాక్ కింద తూముల గుండా బయట పడాలి. బయట ఎక్కడ పడుతుందన్నదే అసలు ప్రశ్న. ఊరి మురుగు కాలువ మట్టం మన గ్రౌండు కంటే పైన ఉంటే వాన రోజున నీరు వెనక్కి తన్నుతుంది. కాబట్టి కాంట్రాక్టరు కంటే ముందు డ్రెయిన్ల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరు ఎవరైనా ఒకసారి గ్రౌండు చూడటం మేలు. అలాంటి పూర్వ విద్యార్థులు మనకు దొరకరా?

ఆ పైన గ్రావెల్ చాలు. ఒలింపిక్స్‌కు సింథటిక్ ట్రాక్ వచ్చిందే 1968లో, మెక్సికో సిటీలో. 1936లో బెర్లిన్‌లో జెస్సీ ఓవెన్స్ 100 మీటర్లు 10.3 సెకన్లలో పరిగెత్తింది బొగ్గు చిట్టెం పరిచిన ట్రాక్ మీద. మన బంకమట్టి గ్రావెల్‌ను మింగేస్తుందన్నది నిజమే. దానికి మందు అంబాజీపేట చుట్టుపక్కలే ఉంది. కొబ్బరి పీచుతో నేసిన భూవస్త్రాన్ని గ్రామీణ రోడ్ల కింద పరచడానికి 2020లో కేంద్రం అనుమతించింది. రోడ్డు కింద పనికొచ్చేది ట్రాక్ కింద పనికిరాకపోదు, ముందు ఒక వంపు దగ్గర వేసి చూడొచ్చు.

ఎనిమిది లేన్ల 400 మీటర్ల ట్రాక్‌కు సుమారు 4 ఎకరాలు కావాలి. అంత చోటు లేని కాలేజీలు ఊరుకోనక్కర్లేదు. ప్రహరీ వెంబడి 120 మీటర్ల నిడివి ఉంటే 100 మీటర్ల పరుగుకు ముందూ వెనకా సరిపోతుంది. లేను వెడల్పు 1.22 మీటర్లు, ఆరు లేన్లకు ఏడున్నర మీటర్లు కూడా పట్టదు. ఆ పట్టీ మీదే హర్డిల్స్ కూడా పెట్టొచ్చు. లాంగ్‌జంప్‌కు 40 మీటర్ల రన్‌వే, గోదారి ఇసుక గొయ్యి. షాట్‌పుట్‌కు 2.135 మీటర్ల వలయం. జావెలిన్ ఒక్కటే వేరే సంగతి. 2021లో టోక్యోలో నీరజ్ చోప్రా 87.58 మీటర్లు విసిరి స్వర్ణం తెచ్చాక ఆ ఈటె పట్టుకోవాలని అందరికీ ఉంటుంది. అయినా గ్రౌండులో ఇంకెవరూ లేని వేళ, పీడీ గారు ఎదుట ఉన్నప్పుడు తప్ప దాన్ని బయటికి తీయకూడదు.

అసలు చిక్కు కేలెండర్‌లో ఉంది. అడ్మిషన్లు తేలి పిల్లలు కుదురుకునేసరికి వానలు, అవి తగ్గేసరికి తుపాన్లు, అవి దాటితే సెమిస్టర్ పరీక్షలు, వెంటనే సంక్రాంతి. ఏడాదికొక స్పోర్ట్స్ డే పెట్టి, ముందు వారం ముగ్గు గీతలు గీసి, గెలిచినవాణ్ని యూనివర్సిటీ మీట్‌కు పంపడాన్ని కార్యక్రమం అనలేం. వానాకాలమంతా వరండాలో, మెట్ల మీద బలం పెంచే కసరత్తులు చేయించాలి. నవంబరు రెండో పక్షం నుంచి ఫిబ్రవరి దాకా ట్రాక్ మీదికి తేవాలి. ప్రతి పిల్లకీ పిల్లవాడికీ రిజిస్టరులో ఒక పేజీ ఉండాలి, పక్షానికోసారి టైము, దూరం రాయాలి. ఈ పనికి స్టాప్‌వాచ్, టేపు, పుస్తకం చాలు.

సఖినేటిపల్లి నుంచో ఐ.పోలవరం నుంచో బస్సెక్కి వచ్చే విద్యార్థిని సాయంత్రం ఆరు దాకా ఉంచితే ఇంటికి ఎలా చేరుతుంది? అందుకే మామూలు రోజుల్లో రాజోలు వాళ్లు రాజోల్లో, కొత్తపేట వాళ్లు కొత్తపేటలో సాధన చేసి, ఆదివారం పొద్దున అందరూ అమలాపురంలో కలవాలని నా ప్రతిపాదన. అమ్మాయిలకు బట్టలు మార్చుకునే గది, నీళ్లున్న మరుగుదొడ్డి ట్రాక్ కంటే ముందు కావాలి. వశిష్ఠ అవతల మార్టేరు అమ్మాయి సత్తి గీత 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్ 4×400 రిలే జట్టులో పరిగెత్తింది. ఏటికి ఇవతల అలాంటి కాళ్లు లేవని ఎవరూ అనలేరు.

మన అమలాపురం బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్‌కు మొదట రాకెట్ పట్టించింది ఇంట్లోనే. తండ్రి కాశీ విశ్వనాథం గారు వ్యాయామ ఉపాధ్యాయులు. పై శిక్షణకు హైదరాబాద్ వెళ్లక తప్పలేదు. విశాఖ హర్డిలర్ జ్యోతి యర్రాజీ కూడా హైదరాబాద్, గుంటూరు, భువనేశ్వర్ దారి పట్టింది. మనం ఒలింపియన్‌ను తయారుచేయనక్కర్లేదు. పనికొచ్చే పిల్లను గుర్తించి, గాయం కాకుండా రెండేళ్లు నిలబెట్టి, సరైన కోచ్ చేతిలో పెడితే మన పని అయినట్టే.

డబ్బు సంగతి. అమెరికాలో, గల్ఫ్‌లో, హైదరాబాద్‌లో ఉన్న పూర్వ విద్యార్థులు పెవిలియన్ కడతామని ముందుకు రావచ్చు, దాని మీద పేరు చెక్కించుకోవచ్చు కూడా. తూము మీద శిలాఫలకం ఎవరూ పెట్టించుకోరు. అయినా ముందు కావలసింది అదే. మట్టిపనికి మనకు దొరికేది వేసవిలో డెల్టా కాలువలు కట్టేసే ఆ కొద్ది వారాలే. ఇవ్వదలచినవారు కాలువలు కట్టకముందే కళాశాలకు తెలియజేయండి. జూన్‌లో నీళ్లు వదిలాక వచ్చిన చందాతో పని మొదలయ్యేది మళ్లీ ఏడాదికే.