కోరాపుట్ లోక్‌సభ స్థానం: కొన్ని గమనికలు

జయపురం సంస్థానం 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు రాష్ట్రపు విశాఖపట్టణం జిల్లాలోనిది. ఆ రోజు ఏర్పడిన ఒరిస్సాలో కలిసింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి భూరి విరాళమిచ్చిన విక్రమదేవవర్మ ఇక్కడి ప్రభువే. నేడు జయపురం, రాయగడ రెండూ షెడ్యూల్డు తెగలకు కేటాయించిన కోరాపుట్ లోక్‌సభ స్థానంలోనివి.

ఈ స్థానం పేరు చెప్పగానే గిరిధర్ గమాంగ్ గుర్తుకు వస్తారు. సవర తెగకు చెందిన ఈయన 1972 నుండి 1998 వరకు ఎనిమిదిసార్లు వరుసగా గెలిచారు. 1999 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి అయినా లోక్‌సభ సభ్యత్వం వదులుకోలేదు. ఏప్రిల్ 17న ఢిల్లీ వెళ్ళి వాజపేయి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేశారు. ప్రభుత్వం 269–270తో, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. పడగొట్టింది గమాంగ్ ఒక్కరే అనడం మాత్రం సరికాదని మా అభిప్రాయం. పార్టీని కాదని ఓటు వేసిన సైఫుద్దీన్ సోజ్ కూడా ఉన్నారు. అదే ఏడాది ఎన్నికల్లో ఆయన భార్య హేమా గమాంగ్, 2004లో మళ్ళీ ఆయనే గెలిచారు. 2009, 2014లలో బిజూ జనతాదళ్, 2019, 2024లలో కాంగ్రెసు నెగ్గాయి.

అంతకన్నా మనం ఆలోచించవలసింది కొఠియా గ్రామాల సంగతి. పొట్టంగి వైపున్న ఈ ఊళ్ళను ఒడిశా, ఆంధ్ర రెండూ తమవంటాయి. రెండు రాష్ట్రాల ఓటర్ల జాబితాల్లోనూ ఆ ప్రజల పేర్లున్నాయి. 2024 మే 13న రెండు చోట్లా ఒకేరోజు పోలింగు జరిగింది: ఇటు కోరాపుట్, అటు అరకు.