టిప్పు పులి: ఒక వాద్యయంత్రం కథ

1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణం కోట కూలినది. టిప్పు సుల్తాను యుద్ధంలో నేలకొరిగినాడు. ముట్టడించిన ఈస్టిండియా కంపెనీ సేనలకు తోడుగా హైదరాబాదు నిజాం దళాలు కూడా ఉన్నవి. విజేతలు రాజప్రాసాదాన్ని గాలిస్తుండగా సంగీత మందిరంలో ఒక వింత వస్తువు కంటబడినది. వెల్లకిల పడిన ఐరోపా మనిషి మీదికెక్కి కంఠం కొరుకుతున్న పెద్దపులి! దాదాపు ఆరడుగుల పొడవున చెక్కతో మలచి, రంగులు పూసిన శిల్పమది.

చూచినవారిలో అధికులు దానిని ఆటబొమ్మగానే భావించారు. కాని అది దొరికిన చోటే దాని స్వభావాన్ని తెలుపుతున్నది. అది ఒక వాద్యం. పులి భుజం వద్ద ఉన్న పిడిని త్రిప్పితే లోపలి తిత్తులు ఆడతాయి. మనిషి ఎడమచేయి లేచి వాలుతుంది. అతని కంఠంలోని గొట్టం నుండి ఆర్తనాదం, పులి తల నుండి గుర్రుమనే ధ్వని వెలువడతాయి. పులి ప్రక్కభాగంలోని తలుపు తెరిస్తే 18 దంతపు మెట్లు కనిపిస్తాయి. వాటికి అనుసంధించిన 36 ఇత్తడి గొట్టాలు ఒక చిన్న ఆర్గన్‌గా పలుకుతాయి. అరుపులు యంత్రానివి, స్వరాలు మాత్రం వాయించేవాని చేతివి.

దీని నిర్మాణ కాలం సుమారు 1793 అని పండితుల అంచనా. శిల్పం మైసూరు పనివారిది; యంత్రభాగంలో ఫ్రెంచివారి చేయి ఉండవచ్చునని ఒక అభిప్రాయం. 1792లో ఓటమి పాలైన టిప్పు సగం రాజ్యాన్ని వదులుకొని, ఇద్దరు కుమారులను కంపెనీకి బందీలుగా అప్పగించవలసి వచ్చినది. ఆ ఏడాది డిసెంబరులోనే, హైదర్ అలీతో పోరాడిన జనరల్ హెక్టర్ మన్రో కుమారుడు బెంగాలులోని సాగర్ ద్వీపంలో పులి వాతబడి మరణించాడు. (ఈ జనరల్, దత్తమండలాల పాలకుడు థామస్ మన్రో వేర్వేరు వ్యక్తులు.) ఆ ఘటనే శిల్పానికి ప్రేరణ అన్న ఊహకు తిరుగులేని రుజువు లేదు. అయితే పులి టిప్పు రాజచిహ్నం. ఆయన సింహాసనం మీద, ఆయుధాల మీద, సైనికుల దుస్తుల మీద పులి గుర్తులే.

లండను చేరిన ఈ వాద్యాన్ని 1808 నుండి లీడెన్‌హాల్ వీథిలోని కంపెనీ భవనంలో ప్రదర్శించారు. శ్రీరంగపట్టణంలో శత్రువుపై గెలుపును చాటిన పులి, అక్కడ టిప్పు ఓటమిని చాటే గురుతుగా మారినది. సందర్శకులు పదేపదే పిడి త్రిప్పడం వల్ల ప్రక్కనే చదువుకొనేవారికి ఇబ్బంది కలిగేది. 1843 నాటికే యంత్రం శిథిలమవుతున్నదన్న మాట నమోదైనది. తరువాత పిడి కూడా మాయమైనది. కంపెనీ పాలన అంతరించిన పిమ్మట పలు చోట్లు మారి, 1880 నాటికి సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం చేరినది. నేటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అదే.

రెండవ ప్రపంచయుద్ధంలో బాంబుదాడికి పైకప్పు కూలి శిల్పం వందల ముక్కలైనది. వాటిని ఓపికగా కూర్చి 1947 నాటికి మళ్ళీ ప్రదర్శనకు పెట్టారు. అనంతరం ఆర్గన్‌కూ మరమ్మతులు జరిగినవి. రూపం దక్కినది గాని, మరమ్మతుల మీద మరమ్మతులు పడిన వాద్యం నాటి నాదాన్నే పలుకుతుందని చెప్పలేము. సంగీత మందిరంలో ఎవరు వాయించారో, ఏ స్వరాలు పలికించారో చెప్పే ఆధారమూ మిగలలేదు. పులిని చూచేవారికి నేడు లభిస్తున్నది దాని ఆకారం మాత్రమే; టిప్పు విన్న ధ్వని శ్రీరంగపట్టణంతోనే పోయినది.