చీకటి కథలో పాట ఎవరిది?

ఉగాది సంచికలో వీడియో ఆటల ముచ్చట ఏమిటని పెద్దలు కోపగించుకోవచ్చు. కాని మన గాంధీపురం ఇళ్ళలో పిల్లలు హెడ్‌ఫోను తగిలించుకొని వినే సంగీతానికి, మన పెద్దలు టెంటు హాళ్ళలో విన్న సంగీతానికి ఒక చుట్టరికం కలదు. అది చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

2011లో జపాను దేశం నుండి ‘డార్క్ సోల్స్’ అనే ఆట వచ్చింది. పాడుపడిన కోటలు, శాపం తగిలిన మనుష్యులు, ఆరిపోతున్న అగ్ని - ఇదీ దాని లోకం. సంగీతం కూర్చినవారు మోతోయి సకురబా. ఇందులో ఆటగాడు నడిచే దారులలో చాలాచోట్ల సంగీతమే ఉండదు. తన అడుగుల చప్పుడు తనకే వినవస్తుంది. పెద్ద శత్రువు ఎదుటపడినప్పుడు మాత్రం వాద్యాలు, బృందగానం ఒక్కుమ్మడిగా లేస్తాయి. ఆ హోరుకు అంత బలం రావటానికి కారణం అంతకుముందటి నిశ్శబ్దమే.

దీనికి సరిగా 60 ఏండ్ల ముందు, 1951లో, మద్రాసులో విజయా వారు ‘పాతాళభైరవి’ తీశారు. దర్శకుడు కె.వి.రెడ్డి, రచన పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లే. సంగీతం ఘంటసాల, అప్పటికి ఆయన వయస్సు 28 సంవత్సరాలు. నరబలి కోరే దేవత, చచ్చి మళ్ళీ బ్రతికే మాంత్రికుడు, మోసపోయే తోటమాలి కొడుకు - ఇది కూడా చీకటి కథయే గదా!

ఇక్కడ మన నాటకరంగాన్ని ఒకసారి తలచుకోవాలి. మన పౌరాణిక నాటకాలలో మంచివాడూ పద్యం పాడతాడు, చెడ్డవాడూ పాడతాడు. దుర్యోధనుని పద్యానికి ‘వన్స్ మోర్’ కొట్టని ఊరు లేదు. ఆ సంప్రదాయం నుండి వచ్చిన సురభి కమలాబాయి ఈ చిత్రంలో తోటరాముని తల్లి. 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేషం వేసినది ఆమెయే. అట్టి సంప్రదాయం పక్కనే ఉండగా, ‘పాతాళభైరవి’లో ప్రతినాయకుడైన నేపాళ మాంత్రికునికి ఒక్క పాటైనా లేదు. ఎస్.వి.రంగారావు చేత సాగదీసి, హెచ్చించి, తగ్గించి ‘డింభకా’ అని పిలిపించారు. ఆ పలుకే ఆయనకు రాగం, ఆ పలుకే ఆయనకు తాళం.

మరి పాటలు ఎవరికి? ప్రేమించేవారికి. ఘంటసాల, పి.లీల పాడిన యుగళగీతాలలో ఒకటి కల్యాణి రాగచ్ఛాయలో నడుస్తుంది. మరొకటి హిందూస్తానీ రాగమైన రాగేశ్రీలో. కల్యాణిలో ప్రతిమధ్యమం ఉండటం వలన స్వరం పైకి చూస్తున్నట్లు, వెలుగు విచ్చినట్లు తోస్తుంది. రాగేశ్రీలో పంచమం వదలివేస్తారు. ఆ ఖాళీలో ఒక విరహం నిలుస్తుంది. నరబలి కథలో ఇంత వెలుగు, ఇంత విరహం పెట్టటం వలననే, తోటరాముడు పోతే ఏమి పోతుందో మనకు తెలిసి వస్తుంది.

వి.జె.వర్మ పాడిన నేపథ్యగీతం ఇంకొక మెట్టు పైది. ప్రేమకోసం ఉచ్చులో పడిన పసివానిపై జాలి ఆ పాట. వీరునికి తెలియని సంగతి పాటకు తెలుసు. పాట మనకు చెబుతుంది.

జపాను ఆటలో చివరి శత్రువు ఒకప్పటి మహారాజు. అంతవరకు హోరెత్తిన సంగీతం అక్కడ ఒంటరి పియానోగా మిగులుతుంది. వారు జాలిని శత్రువుకు ఇచ్చారు, మనవారు వీరునికి ఇచ్చారు. కాని సంగీతాన్ని ఎక్కడ ఆపాలో, ఎవరికి ఇవ్వాలో తెలిసినవారే ఇద్దరూను.

ఇదంతా మద్రాసు సంగతి, మనకేమి అనవద్దు. ఆ రోజులలోనే మన కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియో వారు ఎస్.ఎం.సుబ్బయ్యనాయుడు సంగీతంతో ‘బీదలపాట్లు’ (1950), ‘అగ్గిరాముడు’ (1954) తెలుగులో అందించారు. ‘పాతాళభైరవి’ కూడా అదే ఏట అరవంలో వచ్చి మన ఇరుగుపొరుగు వారికీ సొంతమయింది.

తరతరాలుగా ఈ గడ్డమీద ఉన్న మన కుటుంబాలలో తెలుగు చెవికి మిగిలింది గాని, చాలామంది పిల్లల కంటికి అందలేదు. అక్షరం రాని బిడ్డకు చెవియే బడి. కనుక ఈ పండుగనాడు పిల్లవాని ఆట సంగీతం తిట్టకుండా ఒక గడియ వినండి. పిదప వాని చెవికి ఘంటసాలను వినిపించండి. రెండింటిలో ఎక్కడ భయం వేసింది, ఎక్కడ జాలి కలిగింది అని అడగండి. వాడు జవాబు తెలుగులో చెబితే అంతకంటె ఉగాది పచ్చడి వేరే ఏముంటుంది!