ప్రభుత్వానికి హద్దు - పౌరునికి అండ

ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి - ఈ మూడింటిని కాపాడటానికే ప్రభుత్వమున్నదని 17వ శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన జాన్ లాక్ వాదించాడు. ప్రభుత్వ జోక్యం ఎంత తగ్గితే మనిషికి అంత స్వేచ్ఛ అనే సిద్ధాంతానికి ఆయన ఆలోచనలే పునాది. అందులో నిజమెంతో తెలుసుకోవడానికి మనం ఇంగ్లండు దాకా పోనక్కరలేదు. మన ఓరుగల్లు సీమ చరిత్ర చాలు.

నిజాం రాష్ట్రంలో 'గస్తీ నిషాన్ 53' అనే ఉత్తర్వు వుండేది. సర్కారు ముందస్తు అనుమతి లేనిదే సభ జరపరాదు. 1930లో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది ఇటువంటి ఆంక్షల నీడలోనే. నలుగురు కూడి మాట్లాడుకోవడానికి కూడా పై వారి దయ కావలసి వచ్చిన రోజులవి. హద్దులేని ప్రభుత్వమంటే ఏమిటో మన పెద్దలకు అనుభవమే.

అయితే సర్కారు పక్కకు తప్పుకుంటే చాలునా? వర్ధన్నపేటకు ఎంతో దూరం లేని పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పండించిన పంటపై విసునూరు దేశ్‌ముఖ్ కన్ను వేశాడు. సంఘం అండతో ఆమె తన పంటను దక్కించుకున్నది. వూరూరా సాగిన వెట్టిని కూడా ఎక్కువగా చేయించుకున్నది దొరలే. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం, వెట్టిని నిషేధించిన రాజ్యాంగం 23వ అధికరణం వచ్చాయి. ఇవన్నీ ప్రభుత్వం కలుగజేసుకున్నందువల్ల వచ్చినవే. దొర గడీకి హద్దు గీయడానికి చట్టం కావాలి.

ఆ ప్రభుత్వమే అన్నీ తన చేతిలోకి తీసుకోబోతే అడ్డుకోవాలన్న వారు కూడా మన తెలుగువారిలో వున్నారు. 1959లో నాగపూర్ కాంగ్రెస్ సహకార వ్యవసాయ తీర్మానం చేసినప్పుడు, రైతు భూమి రైతుకే వుండాలని నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్.జి. రంగా ఎదురు తిరిగారు. రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించి దాని అధ్యక్షులయ్యారు. లైసెన్సు, పర్మిట్ల పాలనను ఎండగట్టిన ఆ పార్టీ 1967లో లోక్‌సభలో 44 స్థానాలు గెలిచింది. 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది.

ఆస్తి హక్కు ధనవంతుల గొడవ అని ఆనాడు చాలామంది అనుకున్నారు. కాని 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో పెన్షన్ సర్కారు దయాభిక్ష కాదనీ, అది ఉద్యోగి హక్కు, ఆస్తి అనీ సుప్రీంకోర్టు చెప్పింది. 1978లో 44వ సవరణ ఆస్తిని ప్రాథమిక హక్కుల నుండి తొలగించినా, చట్టం అనుమతించనిదే ఎవరి ఆస్తినీ తీసుకోరాదని 300-ఎ అధికరణం నిలిపింది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో, రిటైరైన తేదీని బట్టి పెన్షనర్లను విడదీయడం సమానత్వానికి విరుద్ధమని తీర్పు వచ్చింది. మనం పెన్షనర్ల దినం జరుపుకునేది ఆ తేదీనే. చట్టబద్ధమైన ఆధారం లేకుండా పెన్షన్ ఆపరాదని 2013లో 300-ఎ ఆధారంగానే సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పింది.

ప్రభుత్వం బలహీనమైతే దొరలు పుడతారు. హద్దు మీరితే అదే దొర అవుతుంది. బలహీనునికి అండగా నిలిచేటంత బలం, తన చట్టానికి తానే లోబడేటంత అణకువ - రెండూ వున్న ప్రభుత్వమే మనకు కావలసినది. ప్రతినెలా మొదటి తారీఖున మన చేతికందే పెన్షన్‌కు వెనుక ఇంత చరిత్ర వున్నదని మన మనుమలకు, మనుమరాళ్ళకు చెప్పడం మన విధి.